ఒకే సిస్టమ్‌లో మూడు యాంటీవైరస్‌లు, అయినా ధైర్యం లేదు. ఏది ఉంచాలి, ఏది పీకేయాలి?

మల్కాజిగిరి_డెస్క్‌టాప్:

అందరికీ నమస్తే. ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, నలుగురం వాడతాం. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్ చేయించింది. ఐ5 7400, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ (ఎస్ఎస్‌డీ లేదు), విండోస్ 10 హోమ్ 22హెచ్2. మా ఆవిడ ఇంటి నుంచే మూడు షాపులకు ట్యాలీ రాస్తుంది, జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. నాది నెట్ బ్యాంకింగ్, బిల్లులు. మావాడు ఇంటర్ సెకండియర్, వాడికి గేములు, వాటి మోడ్‌లు (గేమ్‌ని మార్చే ఫైళ్ళు), వీడియో ఎడిటింగ్.

ప్రస్తుతం ఉన్నవి: డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఒకటి (లైసెన్స్ ఇంకా నాలుగు నెలలుంది), ఇంకో ఫ్రీ యాంటీవైరస్, మాల్‌వేర్‌బైట్స్ ట్రయల్, ఒక పీసీ క్లీనర్. ఒకటి వదిలేసింది ఇంకొకటి పట్టుకుంటుంది కదా అని పెట్టినవే. కానీ ఆన్ చేశాక చాలాసేపు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100% దగ్గరే ఉంటోంది. ట్యాలీలో కంపెనీ ఓపెన్ చేస్తే మౌస్ కూడా కదలదు.

లేయర్లుగా సెక్యూరిటీ అంటే అసలు ఏమేం ఉండాలి? విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయంటున్నారు, దాని సంగతేంటి? కొత్త సిస్టమ్ కొనే ఆలోచన ఇప్పట్లో లేదు.

హైటెక్‌సిటీ_అడ్మిన్:

మీరు పెట్టినవి లేయర్లు కావండీ. ఒకే పనికి ముగ్గురిని పెట్టారు, మిగతా పనులకి ఎవరినీ పెట్టలేదు.

రియల్‌టైమ్ యాంటీవైరస్ ప్రతిదీ విండోస్ ఫైల్ సిస్టమ్ దారిలో ఒక ఫిల్టర్ డ్రైవర్ దింపుతుంది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచినా ముందు దాని చేతిలోంచే పోవాలి. అలాంటివి రెండుంటే ఒక ఫైల్ రెండుసార్లు స్కాన్ అవుతుంది. ఒకటి స్కాన్ కోసం తెరిచిన ఫైల్‌ని రెండోది మళ్ళీ పట్టి చూస్తుంది. ట్యాలీ కంపెనీ తెరిస్తే వరసగా బోలెడు డేటా ఫైళ్ళు చదువుతుంది, తిరిగే హార్డ్ డిస్క్ మీద ఆ దెబ్బ నేరుగా తెలుస్తుంది. పైగా ఒకదాని క్వారంటైన్ ఫోల్డర్నీ (పట్టిన వైరస్‌లను బంధించే చోటు), సిగ్నేచర్ ఫైళ్ళనీ (వైరస్‌ల ఆనవాళ్ళు) రెండోది వైరస్ అనుకోవచ్చు. డ్రైవర్లు రెండూ ఒకదానికొకటి అడ్డంపడితే బ్లూ స్క్రీన్.

కాబట్టి రియల్‌టైమ్‌లో ఒక్కటే. ఈ మెషీన్‌కి నా ఓటు విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కే. నాలుగు నెలల లైసెన్స్ వదులుకోవడం ఇష్టం లేకపోతే ఆ పెయిడ్‌దే ఉంచండి, అప్పుడు డిఫెండర్ తనంతట తానే పక్కకు జరుగుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. తెలియని ప్రోగ్రామ్‌లు మన ఫైళ్ళను మార్చకుండా ఆపే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనేది డిఫెండర్ రియల్‌టైమ్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ట్యాలీ డేటా ఉన్న ఇంట్లో అది వదులుకోదగ్గది కాదు.

తీసేసే పద్ధతి: ముందు పెయిడ్ దాని లైసెన్స్ కీ రాసిపెట్టుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి ఒక్కోటి అన్‌ఇన్‌స్టాల్ చేయండి, ఒకటి తీశాక రీస్టార్ట్, ఆ తర్వాతే రెండోది. రెండూ ఒకేసారి తీస్తే కొన్ని డ్రైవర్లు మిగిలిపోవచ్చు. మామూలు అన్‌ఇన్‌స్టాల్ అన్నీ ఊడ్చేయదు, అందుకే చాలా కంపెనీలకు విడిగా రిమూవల్ టూల్ ఉంటుంది. దాన్ని కంపెనీ సొంత సైట్ నుంచే దించుకుని సేఫ్ మోడ్‌లో నడపండి. క్లీనర్‌ని కూడా పంపించేయండి. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు రాసుకునే చోటు) శుభ్రం చేస్తే వేగం పెరగడం ఉత్త మాట, తీయకూడనిది తీసే ప్రమాదం మాత్రం నిజం. మాల్‌వేర్‌బైట్స్ ఉంచుకోవచ్చు, కానీ దాని సెట్టింగ్స్‌లో ట్రయల్ డీయాక్టివేట్ చేసి, విండోస్ సెక్యూరిటీ సెంటర్‌లో రిజిస్టర్ అయ్యే ఆప్షన్ ఆఫ్ చేయండి. ఆ ఆప్షన్ ఆన్‌లో ఉంటే విండోస్ దాన్నే అసలు యాంటీవైరస్ అనుకుని డిఫెండర్ని ఆపేస్తుంది. ఫ్రీలో అది మనం నొక్కినప్పుడే స్కాన్ చేస్తుంది. సెకండ్ ఒపీనియన్‌కి అంతే చాలు.

తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో "మేనేజ్ ప్రొవైడర్స్" చూడండి. యాంటీవైరస్ కింద డిఫెండర్ ఒక్కటే కనపడాలి. రియల్‌టైమ్, క్లౌడ్ డెలివర్డ్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. ట్యాంపర్ ప్రొటెక్షన్‌ని చాలామంది పట్టించుకోరు. లోపలికొచ్చిన మాల్‌వేర్ మొదట చేసే పని డిఫెండర్ని ఆపడం, దానికి అడ్డం ఇదే. "యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్"లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ తెరిచి, అవాంఛిత యాప్‌ల బ్లాకింగ్‌లో యాప్‌లు, డౌన్‌లోడ్‌లు రెండు టిక్కులూ పెట్టండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ వెనకాల తోక పట్టుకుని వచ్చే టూల్‌బార్లు, నకిలీ ఆప్టిమైజర్లు అక్కడ ఆగుతాయి.

అంతా అయ్యాక ఐకార్ టెస్ట్ ఫైల్‌తో పరీక్షించండి. అది 68 అక్షరాల టెక్స్ట్, హాని ఏమీ ఉండదు. యాంటీవైరస్ మేలుకుని ఉందో లేదో చూడ్డానికే తయారుచేసింది. డౌన్‌లోడ్ దగ్గరే డిఫెండర్ అరవాలి. అరవలేదంటే ఎక్కడో ఏదో ఆఫ్‌లో ఉన్నట్టు.

ఇక మిగతా లేయర్లు. అన్నిటికంటే ఎక్కువ పని చేసేదానికి డబ్బు అక్కర్లేదు, అది స్టాండర్డ్ అకౌంట్. ఇప్పుడు నలుగురూ ఒకే అడ్మిన్ అకౌంట్ వాడుతుంటారని అనుకుంటున్నా. అడ్మిన్ ఒకటి విడిగా పెట్టి, పాస్‌వర్డ్ మీ ఇద్దరి దగ్గరే ఉంచండి. రోజువారీ వాడకానికి ఎవరి స్టాండర్డ్ అకౌంట్ వాళ్ళది. మీవాడు ఇన్‌స్టాల్ చేసే మోడ్ అడ్మిన్ హక్కులు కోరితే పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు ఒకసారి తొంగిచూడొచ్చు. స్టాండర్డ్ అకౌంట్‌లో నడిచిన చెత్త డిఫెండర్ని ఆపలేదు, మీ ఆవిడ ఫోల్డర్‌లోకీ పోలేదు.

బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ తప్పనిసరి. "డౌన్‌లోడ్" అని పచ్చగా మెరిసే నకిలీ బటన్లన్నీ యాడ్లే. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తిగా పనిచేస్తుంది, క్రోమ్‌లో ఇప్పుడు లైట్ వెర్షన్‌తో సరిపెట్టుకోవాలి.

రౌటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరు చెబితే దాని అడ్రస్ చూపించే సర్వర్) మార్చండి: 1.1.1.2, రెండోది 1.0.0.2. క్లౌడ్‌ఫ్లేర్‌లో మాల్‌వేర్ సైట్లను ఆపే సర్వర్లు ఇవి. లేదా క్వాడ్9 తీసుకోండి: 9.9.9.9, 149.112.112.112. ఇక్కడ అందరూ తప్పేది రెండో గడిలో. మొదటిది ఫిల్టర్ ఉన్నది పెట్టి, రెండోది ఇంటర్నెట్ కంపెనీదే వదిలేస్తారు. రెండోది స్టెప్నీ కాదు, సిస్టమ్ దాన్ని ఎప్పుడైనా అడగొచ్చు, అడిగితే ఫిల్టర్ లేనట్టే. రౌటర్‌లో ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్‌లు) ఆన్‌లో ఉంటే అక్కడి డీఎన్ఎస్ కూడా మార్చాలి. రౌటర్ తెరిచారు కాబట్టి కనెక్షన్ ఇచ్చినప్పుడు పెట్టిపోయిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫై కలిపే పద్ధతి), రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేసేయండి. బయటి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ వద్దు, విండోస్‌దే చాలు. ప్రింటర్ షేరింగ్ లేకపోతే నెట్‌వర్క్ ప్రొఫైల్ "పబ్లిక్"లో పెట్టండి.

పార్క్‌లేన్_హార్డ్‌వేర్:

అడ్మిన్ అన్న చెప్పినయన్నీ కరెక్టే గానీ, ఆ హార్డ్ డిస్క్ ఉన్నన్ని రోజులు ఏం జేసినా 100% పోదు. ముందు 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒకటి ఏసుకోండి. మీ బోర్డుకి అది పక్కా కూసుంటది. ఎన్‌వీఎంఈ (ఇంకా స్పీడున్న ఎస్ఎస్‌డీ) తీసుకుంటా అంటే బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉందో లేదో జూసి కొనుండ్రి. పాత 1 టీబీ పారేయకుండ్రి, దాంతో పనుంది.

షాపుల క్లోన్ (పాత డిస్క్ ఉన్నదున్నట్టు కాపీ) జేసిస్తమంటే వద్దనుండ్రి. క్లోన్ జేస్తే పాత చెత్తంతా కొత్త ఇంట్లకు వస్తది. ఫ్రెష్‌గ ఏసుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్, అంతే. పెన్‌డ్రైవ్ మొత్తం చెరిపేస్తది, ఖాళీది పెట్టుకోండి.

అంతకుముందు ఒకటి చూడుండ్రి. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్. అక్కడ "డిజిటల్ లైసెన్స్" అని గాకుండ మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్‌తో యాక్టివేట్ అయిందని రాసుంటే, ఇంటి సిస్టమ్‌ల అది కేఎంఎస్ క్రాక్ (దొంగ యాక్టివేషన్) కిందనే లెక్క. గసువంటి క్రాక్‌లు డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్‌ల (స్కాన్ జెయ్యొద్దనే లిస్టు) తమ ఫోల్డర్ పేరు ఎక్కిస్తయి, కొన్నైతే ఏకంగ సీ డ్రైవ్ మొత్తం ఎక్కిస్తయి. అప్పుడు డిఫెండర్ ఆన్‌ల ఉన్నట్టు పచ్చ టిక్ కనవడ్తది గానీ సీ డ్రైవ్ దిక్కే చూడదు. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌ల కింది దాంక పోతే ఎక్స్‌క్లూజన్స్ ఉంటది. మీరు పెట్టంది అక్కడ ఏమున్నా తీసేయాలె.

విండోస్ 10 సంగతి: మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. ఈఎస్‌యూ అని ఇంటోళ్ళకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఒక ఏడాది పొడిగించిన్రు, 2026 అక్టోబర్ 13 దాంక. విండోస్ అప్‌డేట్ పేజీలనే "ఎన్‌రోల్ నౌ" కనవడ్తది. 22హెచ్2 ఉండాలె, మీకు ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ సింక్ ఆన్ జేస్తే ఫ్రీ, లేకపోతే 30 డాలర్లు లేదా 1000 రివార్డ్ పాయింట్లు. డిఫెండర్ సిగ్నేచర్లు విండోస్ 10కి 2028 అక్టోబర్ దాంక వస్తయన్నరు, గని దాన్ని జూసి ధీమాగ ఉండకుండ్రి. సిగ్నేచర్ వైరస్‌ని గుర్తువడ్తది, విండోస్‌ల పడ్డ కంతను పూడ్చదు.

విండోస్ 11కి మీ 7400 లిస్టుల లేదు. టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) ఉన్నా ప్రాసెసర్ కాడ ఆగుతది. చెక్ దాటేసి ఎక్కియ్యచ్చు, కానీ అట్ల ఎక్కిచ్చినదానికి అప్‌డేట్లు వస్తయని మైక్రోసాఫ్ట్ మాటియ్యదు. జీఎస్టీ పని జరిగే సిస్టమ్‌ల ఆ ప్రయోగాలెందుకు? ఈఎస్‌యూ తీసుకుని, అది అయిపోయే లోపట బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చే ఆలోచన జెయ్యుండ్రి. క్యాబినెట్, ఎస్ఎస్‌డీ అవే పన్జేస్తయి.

జీఎస్టీ_పద్మజ:

ట్యాలీ వైపు నుంచి రెండు ముక్కలు.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేయగానే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లకు రక్షణ వస్తుంది. ట్యాలీ డేటా సాధారణంగా అక్కడ ఉండదు, కాబట్టి ఆ ఫోల్డర్‌ని "ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్"లో మీరే చేర్చాలి. చేర్చాక ట్యాలీ తెరిచి ఒక ఎంట్రీ వేసి చూడండి. ట్యాలీని కూడా బ్లాక్ చేస్తే కింద మూలన నోటిఫికేషన్ వస్తుంది, ఎంట్రీ మాత్రం సేవ్ అవదు. కంగారు పడి మొత్తం ఆఫ్ చేసేయకండి. "అలో యాన్ యాప్" లోకి వెళ్ళి "రీసెంట్లీ బ్లాక్డ్ యాప్స్" నొక్కితే ట్యాలీ కనపడుతుంది, ప్లస్ గుర్తు నొక్కితే సరి. రిటర్నులకి వాడే ఆఫ్‌లైన్ టూల్, స్కానర్ సాఫ్ట్‌వేర్ కూడా మొదటిసారి ఇలాగే ఆగొచ్చు. కాబట్టి ఈ పని 18, 19 తారీఖుల్లో పెట్టుకోవద్దు, 3బీ (జీఎస్టీ రిటర్ను) గడువు దాటాక చేసుకోండి.

రెండోది పెన్‌డ్రైవ్‌లు. షాపుల నుంచి బిల్లులు వచ్చే పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నిటి మీదా చిన్న బాణం గుర్తు ఉంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. అసలు ఫోల్డర్లు దాక్కుని ఉంటాయి. షార్ట్‌కట్ నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో "వ్యూ" ట్యాబ్‌కి వెళ్ళి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, హిడెన్ ఐటమ్స్ రెండూ కనపడేలా టిక్ పెట్టుకోండి. పీడీఎఫ్ బొమ్మ ఉండి పేరు చివర ఈఎక్స్ఈ (అంటే ప్రోగ్రామ్) అని ఉన్న "ఇన్‌వాయిస్"లు కూడా అప్పుడే బయటపడతాయి. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ యూఎస్‌బీ ప్రతిరోధ్ అనేది సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచితంగా ఉంది, రిజిస్టర్ చేసిన పెన్‌డ్రైవ్‌లనే లోపలికి రానిస్తుంది. కానీ షాపులు మూడే కాబట్టి బిల్లులు మెయిల్‌లో పంపమనడం తేలిక.

బ్యాకప్‌కి ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి బ్యాకప్. అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌కి తీస్తే అది బ్యాకప్ కాదు, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే రెండూ పోతాయి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు రెండు పెట్టుకుని వారం వారం మార్చండి, తీయగానే కేబుల్ పీకి బీరువాలో పెట్టేయండి. తగిలించే ఉంచితే దాన్ని కూడా లాక్ చేస్తుంది. నెలకోసారి రిస్టోర్ చేసి చూసుకోండి, కానీ వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి. అసలు డేటా ఫోల్డర్‌లోకే రిస్టోర్ చేస్తే ఇవాళ్టి ఎంట్రీల మీద పాతవి కూర్చుంటాయి.

దిల్‌సుఖ్‌నగర్_ల్యాబ్:

ఇంటర్ పిల్లాడు, గేమ్ మోడ్‌లు అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. క్రాక్‌లు, చీట్‌లు, మోడ్‌ల రూపంలో ఇప్పుడు ఎక్కువగా తిరిగేవి ఇన్ఫోస్టీలర్లు. ఇవి సిస్టమ్‌ని స్లో చేయవు, ఏ హెచ్చరికా చూపించవు. క్షణాల్లో బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు మూటగట్టి పంపించేసి ఊరుకుంటాయి. కుకీ పోతే ఓటీపీ కూడా అడ్డు కాదు, ఎందుకంటే ఆ సైట్ లెక్కలో మీరు ఎప్పుడో లాగిన్ అయిపోయి ఉన్నారు. లుమా అనే ఒక్క స్టీలరే 2025 మార్చి 16 నుంచి మే 16 లోపు ప్రపంచమంతా కలిపి 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో ఉందని మైక్రోసాఫ్ట్ లెక్క తేల్చింది.

లుమా లాంటివి వచ్చే దారి ఒకటి మీవాడికి చూపించి మరీ చెప్పండి. "నేను రోబోట్ కాదు" అనే క్యాప్చా లాంటి పేజీ వస్తుంది. టిక్ పెడితే, విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కు, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అంటుంది. మీరు టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ క్లిప్‌బోర్డ్‌లోకి ఒక కమాండ్ ఎక్కించేసింది. మిగతా మూడు స్టెప్పులతో దాన్ని నడిపేది మనమే. ఇక్కడ ఫైల్ డౌన్‌లోడ్ అన్నదే లేదు, అందుకే డౌన్‌లోడ్ దగ్గర కాపలా కాసే లేయర్లకి ఇది కనపడకపోవచ్చు. నిజమైన క్యాప్చా ఏదీ కీబోర్డ్‌తో రన్ బాక్స్ తెరవమని అడగదు. స్టాండర్డ్ అకౌంట్ కూడా దీన్ని పూర్తిగా ఆపలేదు, ఆ యూజర్ బ్రౌజర్‌లో ఉన్నవి పోతాయి. అందుకే బ్యాంకు పని మీవాడి అకౌంట్‌లో అసలు తెరవకండి. పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లోంచి తీసి బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి, ఫ్రీ ప్లాన్ సరిపోతుంది. బ్రౌజర్‌లో ఉన్నవి చెరిపేయడం మర్చిపోకండి, చాలామంది రెండుచోట్లా ఉంచేస్తారు.

అనుమానం ఉన్న ఫైల్‌ని వైరస్‌టోటల్ అనే సైట్‌లో (చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది) వేసి చూడొచ్చు, 650 ఎంబీ దాకా తీసుకుంటుంది. షాపుల లెక్కలు, పాన్ కాపీలు మాత్రం అందులో వేయకండి, వేసినవి బయటి సెక్యూరిటీ సంస్థలకు అందుబాటులోకి వెళ్తాయి.

ఒకవేళ తగిలితే పాస్‌వర్డ్‌లు అదే సిస్టమ్‌లోంచి మార్చొద్దు. ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్, వెంటనే "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్", తర్వాత బ్యాంకు. డబ్బు పోయిందంటే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మల్కాజిగిరి_డెస్క్‌టాప్:

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు యాంటీవైరస్‌లూ, క్లీనర్ తీసేశాను, రిమూవల్ టూల్స్ కూడా నడిపాను. డిస్క్ కొంచెం దిగింది. కానీ డిఫెండర్‌లో రియల్‌టైమ్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కనివ్వట్లేదు. "కొన్ని సెట్టింగ్‌లు మీ ఆర్గనైజేషన్ అధీనంలో ఉన్నాయి" అని ఎర్రగా వస్తోంది. మాకు ఆర్గనైజేషన్ ఏముంటుంది? యాక్టివేషన్ పేజీలో పార్క్‌లేన్ గారు చెప్పిన లైనే ఉంది. ఎక్స్‌క్లూజన్స్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద పేరు తెలియని ఫోల్డర్ ఒకటి ఉంది.

హైటెక్‌సిటీ_అడ్మిన్:

ఆ మూడూ కలిపితే విషయం తేలిపోయింది. రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ డిఫెండర్ కింద డిఫెండర్ని ఆపే వాల్యూ ఏదో ఎవరో రాసి ఉంటారు. ఆఫీసుల్లో ఐటీ వాళ్ళు వాడే చోటు అది, అందుకే ఆర్గనైజేషన్ అంటోంది. చెరిపితే బటన్ తిరిగి రావచ్చు. కానీ రాసిన ప్రోగ్రామ్ ఇంకా లోపలే ఉంటే మళ్ళీ రాస్తుంది. దీన్ని బాగు చేయడం మీద టైమ్ పెట్టకండి, ఎస్ఎస్‌డీ తెచ్చి ఫ్రెష్‌గా వేయండి. అప్పటిదాకా ఇందులో బ్యాంకు, జీఎస్టీ పోర్టల్ తెరవొద్దు, ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు ఇవాళే మార్చేయండి.

కొత్త విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకి ఉంచండి. లేకపోతే సెటప్ బూట్ ఫైళ్ళను పాత డిస్క్ మీదే రాసేసి, రేపు అది తీస్తే సిస్టమ్ లేవదు. ఇన్‌స్టాల్ అయ్యాక, ఇంకేదీ పెట్టకముందే అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి, ఈఎస్‌యూ ఎన్‌రోల్ చేయండి, ట్యాంపర్ ప్రొటెక్షన్ చూసుకోండి. ఆ తర్వాతే పాత డిస్క్ తగిలించి, ఏదీ తెరవకుండా దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో ఒకసారి, మాల్‌వేర్‌బైట్స్‌తో ఒకసారి స్కాన్. తెచ్చుకునేవి ట్యాలీ డేటా ఫోల్డర్, పత్రాలు, ఫోటోలు, వీడియోలు. సెటప్ ఫైల్ ఒక్కటి కూడా వద్దు, ట్యాలీది కూడా వాళ్ళ సైట్ నుంచే కొత్తగా. మీవాడి మోడ్‌ల ఫోల్డర్ అక్కడే ఉండనివ్వండి.